తాతగారి చేతి గడియారం అసలైనదేనా? పరీక్షించి విలువ కట్టుకునే పద్ధతి

ఇంట్లో పెద్దవారు పోయాక బీరువా సొరుగులో ఒక పాత చేతి గడియారం దొరకడం, దాన్ని అందుకున్నవారు ఇది అసలైనదేనా, అమ్మితే ఎంత వస్తుంది అని అడగడం నాకు ఎన్నోసార్లు ఎదురైన సంగతి. అడిగేవారిలో చాలామంది ఆలస్యంగా వస్తారు. అప్పటికే వాచీని కడిగించి, యంత్రం చుట్టూ ఉండే లోహపు కేసుకు పాలిష్ పట్టించి, వెలిసిన డయల్ తీయించి కొత్తది వేయించి, ఇప్పుడు ధర చెప్పమంటారు. ఆ మెరుపు కోసం వారు వదులుకున్నదే ఆ వాచీ విలువలో పెద్ద భాగమని చెప్పవలసి రావడం ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. అందుకే ఏ పని ముందు చేయాలో, ఏది అసలు చేయకూడదో వరుసగా రాస్తున్నాను.

ఒక్క సూత్రాన్ని మనసులో ఉంచుకుంటే మిగిలిన పద్ధతి అంతా అర్థమవుతుంది. పాత వాచీని పరీక్షించడమంటే దాని కేసును, డయల్‌ను, ముళ్లను, లోపలి యంత్రాన్ని విడివిడిగా "నువ్వు ఏ కాలానివి?" అని అడగడం. అన్నీ ఒకే కాలాన్ని చెబితే ఆ వాచీ పుట్టినప్పటి రూపంలోనే ఉందని నమ్మవచ్చు. ఒక్క భాగం వేరే కాలాన్ని చెబితే అది తరవాత మార్చిన భాగం. అన్నీ తలా ఒక కాలం చెబితే అది వేర్వేరు వాచీల ముక్కలతో కూర్చిన అతుకుల వాచీ. కాబట్టి మీరు తేల్చవలసింది అసలుదా, నకిలీదా అన్న రెండు మాటల్లో ఇమిడే విషయం కాదు. ఎంత భాగం అసలుది అన్నది.

కావలసినవి

పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, దగ్గరి వస్తువులను స్పష్టంగా తీసే కెమెరా ఉన్న ఫోను, మెత్తని పొడి గుడ్డ, అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి, దిక్సూచి, మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ కాలిపర్, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. వెనుక మూత తెరిచే పనిముట్లు కొనవద్దు. ఆ పని ఎవరు చేయాలో ఐదో మెట్టులో చెబుతాను.

మొదలుపెట్టే ముందు నాలుగు హెచ్చరికలు

వాచీని నీటితో గాని, ఏ ద్రావణంతో గాని తుడవవద్దు. కేసు మీద పాలిష్ లేపనాలు, పాలిష్ గుడ్డలు వాడవద్దు. ఏళ్ల తరబడి సొరుగులో ఉన్న వాచీకి నిండుగా కీ ఇచ్చి రోజులపాటు నడిపించవద్దు, ఎందుకంటే లోపలి నూనె ఎండిపోయి ఉంటుంది, ఎండిన నూనె మీద నడిచిన చక్రాల ఇరుసులు అరిగిపోతాయి. నడుస్తుందో లేదో చూడాలంటే ఐదారు చుట్లు కీ ఇచ్చి, సెకన్ల ముల్లు కదిలితే అది చూసి అక్కడితో ఆపండి. తేదీ చూపే వాచీ అయితే ముళ్లు రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకీ మధ్య ఉన్నప్పుడు తేదీని చేత్తో మార్చవద్దు; ఆ సమయంలో తేదీ మార్చే పళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

1. ఉన్నదాన్ని ఉన్నట్టే నమోదు చేయండి

కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీయండి: డయల్ ఎదురుగా, నాలుగు పక్కలు, వెనుక మూత, కీ ఇచ్చే క్రౌన్ మీది గుర్తు, పట్టీ లోపలి వైపు, బకిల్. తరవాత కేసు వెడల్పును క్రౌన్ వదిలేసి కొలవండి, పట్టీ పట్టే చోటు వెడల్పును కూడా కొలవండి. ఇవి రేపు ఏ మోడలో తేల్చడానికి పనికివస్తాయి. మరమ్మతుకు ఇచ్చిన వాచీ ఏ భాగాలతో వెళ్లిందో, ఏ భాగాలతో తిరిగి వచ్చిందో రుజువు చేయగలిగేది కూడా ఈ ఫొటోలే.

పట్టీ పాడైపోయినా పారేయవద్దు. తోలు చిరిగినా బకిల్ మీద తయారీ సంస్థ గుర్తు ఉంటే దానికి విడిగా విలువ ఉంటుంది.

2. ఇంట్లోని సాక్ష్యాన్ని పోగు చేయండి

కొన్నప్పటి రసీదు, గ్యారంటీ కాగితం, పెట్టె, సర్వీసింగ్ చీటీలు, ఉద్యోగ విరమణ రోజు ఇచ్చిన బహుమతి అయితే ఆ సన్మాన పత్రం, ఆ వాచీ పెట్టుకుని పెద్దాయన దిగిన ఫొటో, వీటన్నిటినీ వెతికి ఒకచోట ఉంచండి. ముప్పై ఏళ్ల నాటి ఫొటోలో చేతి మీద అదే డయల్, అవే ముళ్లు కనిపిస్తే ఆ తరవాత అవి మారలేదని చెప్పడానికి అంతకన్నా బలమైన ఆధారం ఉండదు.

కుటుంబంలో చెప్పుకునే కథను కూడా రాసుకోండి, కానీ కథను కథగానే రాసుకోండి. "తాతగారు 1960లో కొన్నారు" అన్న మాట వాచీతో సరిపడిందా లేదా అన్నది తరవాత తేలుతుంది. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ చేతి గడియారం మొదటిసారి అమ్మకానికి వచ్చింది 1969 డిసెంబరు 25న, సీకో సంస్థ ఆస్ట్రాన్ పేరుతో. కాబట్టి 1960లో కొన్నదంటున్న వాచీ క్వార్ట్జ్‌ది అయితే కథలో సంవత్సరమైనా తప్పు, వాచీ అయినా వేరే. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఒకే మనిషి జీవితంలో రెండు మూడు వాచీలు ఉండి, జ్ఞాపకంలో ఒకటిగా కలిసిపోవడం మామూలే.

3. కేసును చదవండి

ముందుగా లోహం. 750 అనే అంకె 18 క్యారెట్ల బంగారానికీ, 585 అనేది 14 క్యారెట్లకూ, 375 అనేది 9 క్యారెట్లకూ గుర్తు. స్విట్జర్లాండ్ కేసుల మీద 1995 వరకు 18 క్యారెట్లకు హెల్వెటియా అనే స్త్రీ తల, 14 క్యారెట్లకు ఉడుత ముద్ర ఉండేవి. ఆ సంవత్సరం నుంచి సెయింట్ బెర్నార్డ్ కుక్క తల ముద్ర వచ్చింది. "ప్లాకే", "రోల్డ్ గోల్డ్", "గోల్డ్ ఫిల్డ్" అని ఉన్నా, 10 లేదా 20 మైక్రాన్లు అని ఉన్నా అది బంగారు పూత మాత్రమే. పూత ఉన్న వాచీల వెనుక మూత మీద సాధారణంగా "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని రాసి ఉంటుంది. పసుపు రంగు కేసుకు పట్టీ తగిలించే కొమ్ముల చివర, క్రౌన్ పక్కన తెల్లగా లేదా రాగి రంగులో బయటపడితే అది పూత అరిగిన చోటు. బంగారమనుకుని ఇంటిల్లిపాదీ ఏళ్లుగా లాకరులో దాచిన వాచీ పూతదని తేలడం తరచుగా జరిగేదే.

తరవాత అంచులు. పట్టీ తగిలించే కొమ్ములను భూతద్దంలో చూడండి. ఎన్నడూ పాలిష్ చేయని కేసులో కొమ్ముల అంచులు పదునుగా ఉంటాయి, నునుపు తలం, గరుకు తలం కలిసే గీత తేటగా కనిపిస్తుంది. పాలిష్ పట్టినకొద్దీ ఆ గీత కరిగిపోతుంది, కొమ్ములు సన్నబడతాయి, పట్టీ పుల్లకు పెట్టిన రంధ్రం అంచుకు దగ్గరవుతుంది, వెనుక మూత మీది అక్షరాలు లోతు తగ్గుతాయి. గీతలు పడిన మందమైన కేసు, అద్దంలా మెరిసే పలచని కేసు రెండూ పక్కపక్కన పెడితే జ్ఞానమున్న కొనుగోలుదారు మొదటిదానికే ఎక్కువ ఇస్తాడు.

ఇక అంకెలు. సంఖ్య ఎక్కడ ఉంటుందన్నది సంస్థను బట్టి మారుతుంది. రోలెక్స్ పాత వాచీల్లో పట్టీ తీస్తే కొమ్ముల మధ్య, 12 అంకె వైపు మోడల్ సంఖ్య, 6 అంకె వైపు వరుస సంఖ్య చెక్కి ఉంటాయి. అసలు చెక్కడం సన్నగా, పదునుగా, వెలుగు పడితే మెరిసే గీతలతో ఉంటుంది. నకిలీల్లో ఆమ్లంతో కొరికించినట్టు ఇసుక పొడిలా కనిపిస్తుంది. పాత రోలెక్స్‌కు వెనుక మూత గాజుదై లోపలి యంత్రం కనిపిస్తోందంటే అక్కడే అనుమానించాలి. ఒమేగా, లాంజిన్స్ పాత వాచీల్లో ముఖ్యమైన వరుస సంఖ్య లోపలి యంత్రం మీద ఉంటుంది.

సీకో వాచీలు ఉన్నవారికి పని సులువు. వెనుక మూత మీద 6139-6002 వంటి జంట సంఖ్యల్లో మొదటిది యంత్రం రకం, రెండోది కేసు రకం. దానితోపాటు ఉండే వరుస సంఖ్యలో తొలి అంకె సంవత్సరపు చివరి అంకెను, రెండోది నెలను చెబుతుంది. అక్టోబరుకు సున్న, నవంబరుకు ఎన్, డిసెంబరుకు డి అక్షరాలు వాడతారు. 34తో మొదలైతే 3తో ముగిసే ఏదో ఒక సంవత్సరం, ఏప్రిల్ నెల. ఏ దశాబ్దమో సంఖ్య చెప్పదు, యంత్రం చెబుతుంది: 6139 యంత్రం 1969లో వచ్చి 1970ల చివరిదాకా తయారైంది, కాబట్టి ఆ వాచీ 1973 ఏప్రిల్‌ది.

అద్దాన్ని కూడా వదలవద్దు. గోరుతో తడితే మొద్దు చప్పుడు వచ్చి, తాకితే చల్లగా అనిపించనిది ప్లాస్టిక్ అద్దం. 1950, 60 దశకాల వాచీల్లో ఎక్కువగా ఉండేది అదే. ఒమేగా ప్లాస్టిక్ అద్దాల నడిమధ్యలో భూతద్దానికి మాత్రమే అందేంత చిన్న సంస్థ గుర్తు ఉంటుంది. అది లేకపోతే అద్దం మార్చారని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. అద్దం మార్చడం వల్ల విలువ పెద్దగా తగ్గదు.

4. డయల్ మీద తొందరపడకండి

పాత వాచీ విలువలో అన్నిటికంటే ఎక్కువ బరువు డయల్‌దే, అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేదీ డయల్‌నే. పాత డయల్‌ను గీకి, మళ్లీ రంగు వేసి, అక్షరాలు తిరిగి అచ్చు వేయడాన్ని రీడయల్ అంటారు. దాన్ని గుర్తుపట్టడానికి కనీసం పావుగంట భూతద్దంతో కూర్చోండి.

సంస్థ పేరులోని అక్షరాలు ఒకే మందంతో, పదునైన చివరలతో ఉన్నాయా, లేక సిరా ఊరినట్టు అంచులు ఉబ్బాయా చూడండి. అదే మోడల్ వాచీల స్పష్టమైన ఫొటోలు మూడు నాలుగు పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం ఆకారాన్నీ, అక్షరాల మధ్య ఎడాన్నీ పోల్చండి. నిమిషాల గీతలు గంటల గుర్తులకు సరిగ్గా ఎదురుగా రావాలి. రీడయల్‌లో అవి కొద్దిగా పక్కకు జరిగి ఉంటాయి. స్విట్జర్లాండ్ వాచీలో 6 అంకె కింద ఉండవలసిన "స్విస్" లేదా "స్విస్ మేడ్" అన్న మాట లేకపోయినా, సగం కేసు అంచు కిందికి పోయినా అనుమానం పెంచుకోండి. చిన్న సెకన్ల వలయం ఉంటే దాని గీతలు పెద్ద డయల్ గీతలంత తేటగా ఉండాలి. డయల్ అంచున పక్కకు కోసిన చిన్న గాడి కనిపిస్తే, తిరిగి అచ్చు వేసేటప్పుడు ఆనవాలు కోసం చేసినది అయి ఉండవచ్చు. వాచీకి అరవై ఏళ్లు ఉండి, కేసు నిండా గీతలుండి, డయల్ మాత్రం నిన్న పెట్టినట్టుంటే ఆ ఒక్క కారణం చాలు రెండోసారి చూడడానికి.

మచ్చలన్నీ లోపాలు కావు. ఎండకూ కాలానికీ నలుపు డయల్ సమంగా గోధుమ రంగుకు తిరిగితే సేకర్తలు దాన్ని వెతికి మరీ కొంటారు. తేమ వల్ల వచ్చిన పొక్కులు, అచ్చును తినేసిన మరకలు మాత్రం విలువను తగ్గిస్తాయి. అయినా సరే, మరకలున్న అసలు డయల్‌ను కొత్తగా రంగు వేయించిన డయల్ కంటే తక్కువగా చూడవద్దు.

ఇక్కడ నా సొంత అనుభవం చెప్పడం అవసరమనిపిస్తోంది. మా నాన్నగారి వాచీని సర్వీసింగుకు ఇచ్చినప్పుడు డయల్ గురించి నేను ఒక్క మాటా చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి పసుపు తిరిగిన పాత డయల్ స్థానంలో తెల్లని కొత్త డయల్ ఉంది. పాతది ఏదని అడిగితే పనికిరాదని పారేశామన్నారు. వారు నాకు మేలు చేశామనే అనుకున్నారు. నాన్నగారు ముప్పై ఏళ్లు చూసుకున్న ముఖం మాత్రం ఆ వాచీకి ఇక లేదు.

చీకట్లో మెరిసే పూత

గంటల గుర్తుల మీద, ముళ్ల మీద మెరిసే పూత ఉంటే అది మంచి సాక్షి. 1960ల వరకు రేడియం వాడారు. తరవాత ట్రిటియం వచ్చి 1990ల చివరిదాకా నడిచింది. అలాంటి డయల్ అడుగున "టి స్విస్ టి" అని గాని, "టి" తరవాత 25 కంటే తక్కువ అన్న గుర్తుతో గాని రాసి ఉంటుంది. ఆ పైన సూపర్ లూమినోవా వంటి, రేడియో ధార్మికత లేని పూతలు వచ్చాయి.

చీకటి గదిలో అతినీలలోహిత టార్చిని పది సెకన్లు చూపి ఆర్పండి. ట్రిటియం సగం తగ్గడానికి పట్టే కాలం 12.3 సంవత్సరాలు, కాబట్టి యాభై ఏళ్ల నాటి పూతలో మిగిలింది చాలా కొద్ది. టార్చి ఆర్పిన కొన్ని క్షణాల్లో వెలుగు పోతుంది. "టి" గుర్తున్న డయల్ ఆ తరవాత కూడా నిమిషాల తరబడి పచ్చగా వెలుగుతుంటే పూతను కొత్తగా వేశారన్నమాట. గుర్తులు ఒక రంగులో, ముళ్లు మరో రంగులో వెలిగినా, పగటిపూట ఒకటి గోధుమగా, మరొకటి తెల్లగా ఉన్నా ముళ్లను మార్చి ఉండవచ్చు.

రేడియం విషయంలో జాగ్రత్త అవసరం. పూత మెరవడం ఆగిపోయినంత మాత్రాన ప్రమాదం తొలగదు. రేడియం సగం తగ్గడానికి దాదాపు 1600 సంవత్సరాలు పడుతుంది, ఆగిపోయింది దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ మెరుపు మాత్రమే. అద్దం, మూత బిగించి ఉన్నంతవరకు దాన్ని పరీక్షగా చూడడానికి భయపడనక్కరలేదు. ఇంట్లో మాత్రం తెరవవద్దు, గీకవద్దు, రాలిన పొడిని ఊదవద్దు, పిల్లల చేతికి ఇవ్వవద్దు. తెరవబోయే మరమ్మతుదారుకు ముందే చెప్పండి. ఇంకొక సంగతి: ఏళ్ల తరబడి ఆగిపోయిన రేడియం వాచీలో ముల్లు నిలిచిన చోట డయల్ మీద గోధుమ రంగు నీడ పడుతుంది. చూడడానికి కాలిన మచ్చలా ఉండే ఆ నీడ, ముల్లూ డయలూ చాలాకాలంగా కలిసి ఉన్నాయనడానికి రుజువు.

5. మూత తెరిపించి లోపలి యంత్రాన్ని చూడండి

మూతలు మూడు రకాలు: నొక్కి బిగించేవి, స్క్రూలా తిప్పి బిగించేవి, అసలు వెనుక నుంచి తెరుచుకోకుండా అద్దం తీసి పైనుంచి యంత్రాన్ని బయటికి తీసేవి. మూడో రకాన్ని కత్తితో ఎత్తబోయి కేసును పాడుచేసినవారు ఉన్నారు. అందుకే ఈ పని పాత యాంత్రిక వాచీలు చేయడంలో అనుభవమున్న మరమ్మతుదారుతో, మీ ఎదుటే చేయించండి. తెరిచిన వెంటనే యంత్రాన్నీ, మూత లోపలి వైపునూ ఫొటో తీయండి. శుభ్రం చేయడం, నూనె వేయడం ఆ రోజుకు వద్దనండి.

యంత్రం మీద సంస్థ పేరు, యంత్రం రకం సంఖ్య, ఇరుసులు అరగకుండా అమర్చిన రాళ్ల సంఖ్య, వరుస సంఖ్య వెతకండి. ఒమేగా వరుస సంఖ్యల్లో 2 కోట్లకు దగ్గరగా ఉన్నవి 1960ల తొలి సగానివి. మూత లోపల ఉండే మోడల్ సంఖ్య ఆ యంత్రంతో రావలసినదేనా చూడాలి. డయల్ మీద సంస్థ పేరుండి యంత్రం మీద లేకపోతే రెండు అర్థాలుంటాయి: చాలా సంస్థలు ఎటా, ఎ షిల్డ్ వంటి యంత్ర తయారీదారుల దగ్గర కొని వాడేవి, అది తప్పు కాదు, కానీ సొంత యంత్రాలు మాత్రమే వాడిన మోడల్‌లో పరాయి యంత్రం ఉంటే అది అతుకుల వాచీ. యంత్రానికీ కేసుకూ మధ్య ప్లాస్టిక్ వలయమో, రేకు ముక్కో ఇరికించి ఉన్నా అదే అనుమానం.

మూత లోపల సూదితో గీసినట్టు సన్నని అక్షరాలు, తేదీలు కనిపిస్తే వాటిని లోపమనుకోవద్దు. ఎప్పుడో సర్వీసింగ్ చేసిన మరమ్మతుదారులు వేసుకున్న గుర్తులవి. ఒక తేదీ 1964 అని ఉంటే ఆ మూత అప్పటికే పుట్టి ఉందని తేలిపోయింది.

6. కాలాలను ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి

నిలువుగా భాగాలు రాయండి: కేసు, డయల్, ముళ్లు, మెరిసే పూత, యంత్రం, క్రౌన్, పట్టీ, ఇంటి కథ. ప్రతిదానికి ఎదురుగా అది చెప్పే కాలం, ఆ మాట మీకు ఎక్కడ దొరికిందో రాయండి. తెలియనిదాని దగ్గర ఖాళీ వదలండి, ఊహతో నింపవద్దు. కేసు, డయల్, యంత్రం మూడూ రెండు మూడేళ్ల తేడాలో కలిస్తే పునాది గట్టిది. క్రౌన్, అద్దం, పట్టీ మారడం మామూలు వాడకంలో జరిగేదే. ముళ్లు మారితే కొంత తగ్గుతుంది, డయల్ మారితే చాలా తగ్గుతుంది, యంత్రం పరాయిదైతే ఆ వాచీని ఆ పేరుతో పిలవడమే కష్టం.

ఈ కాగితాన్ని తేలికగా తీసుకోవద్దని చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వేలంలో ఒక ఒమేగా స్పీడ్‌మాస్టర్ 30 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. అది వేర్వేరు వాచీల భాగాలతో కూర్చినదని 2023లో ఒమేగా సంస్థే ప్రకటించింది. నిపుణుల కళ్లముందు నడిచిన వేలంలోనే అలా జరిగినప్పుడు, మనం ఒక్క సంఖ్య సరిపోయిందని తృప్తి పడడం సరికాదు.

7. తయారీ సంస్థను అడగండి

కొన్ని సంస్థలు పాత దస్తావేజులు చూసి, ఆ వరుస సంఖ్య గల వాచీ ఎప్పుడు తయారైందో, ఏ రూపంలో ఎప్పుడు అమ్ముడైందో పత్రం ఇస్తాయి. లాంజిన్స్, పాటెక్ ఫిలిప్ అలాంటి పత్రాలు ఇచ్చేవాటిలో ఉన్నాయి. రోలెక్స్ సాధారణంగా ఇవ్వదు. పత్రం చెప్పేది దస్తావేజులో ఏముందన్నదే. మీ చేతిలోని డయల్ ఆనాటిదేనని అది చెప్పదు. పత్రంలో ఉక్కు కేసు అని ఉండి మీది బంగారు కేసు అయితే, యంత్రాన్ని ఎప్పుడో వేరే కేసులోకి మార్చారన్నమాట.

8. నడకను కొలిపించండి

మరమ్మతుదారు దగ్గర టిక్కుల చప్పుడు విని లెక్కకట్టే టైమ్‌గ్రాఫర్ ఉంటుంది. అందులో రోజుకు ఎన్ని సెకన్ల తేడా వస్తోందన్నదాని కంటే అటూ ఇటూ ఊగుతూ నడకను నడిపే ఊపు చక్రం ఒక్కో ఊపులో ఎన్ని డిగ్రీలు తిరుగుతోందన్నది ముఖ్యం. నిండుగా కీ ఇచ్చి పడుకోబెట్టినప్పుడు 270 నుంచి 310 డిగ్రీలుంటే ఆరోగ్యం బాగున్నట్టు. 200కు దిగితే సర్వీసింగ్ తప్పదు. పాత వాచీ రోజుకు అర నిమిషం తేడా చూపినంత మాత్రాన విలువ పడిపోదు. ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పరుగెడుతుంటే దిక్సూచిని దగ్గర పెట్టి చూడండి. సూది కదిలితే వాచీకి అయస్కాంతం పట్టింది, దాన్ని విడిపించడం నిమిషం పని.

"కీ ఎక్కువ ఇచ్చేశారు, అందుకే ఆగిపోయింది" అన్న మాట తరతరాలుగా వినిపిస్తోంది. నిండుగా చుట్టుకున్న స్ప్రింగు వల్ల మంచి వాచీ ఆగదు. ఎండిన నూనె, పేరుకున్న మురికి అసలు కారణం.

9. ఇప్పుడు విలువ

విలువ ఒకటి కాదు. పోగొట్టుకుంటే అలాంటిది మళ్లీ కొనడానికి అయ్యేది బీమా విలువ, అన్నిటిలోకి పెద్దది. వేలంలో సుత్తి పడే ధర ఒకటి. నేరుగా మరో సేకర్తకు అమ్మితే వచ్చేది ఇంకొకటి. దుకాణదారు వెంటనే చేతిలో పెట్టేది అన్నిటిలోకి చిన్నది, ఎందుకంటే సర్వీసింగ్ ఖర్చు, అమ్ముడుపోయేదాకా ఆగే కాలం, లాభం అందులోంచే రావాలి. ఎవరైనా ఒక అంకె చెబితే అది వీటిలో ఏదని అడగండి. అన్నదమ్ములు పంచుకునేటప్పుడు తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. ఒకరు బీమా విలువ, మరొకరు దుకాణం ధర పట్టుకుని వాదిస్తారు. ఏ విలువ, ఏ తేదీ నాటిది అన్నది ముందుగానే అందరూ కలిసి కాగితం మీద పెట్టుకోండి.

పోలికలు మీరే వెతకవచ్చు. క్రిస్టీస్, సోథబీస్, ఫిలిప్స్, యాంటికోరమ్ వంటి వేలం సంస్థల పాత ఫలితాలు చూడడానికి దొరుకుతాయి. అదే మోడల్ సంఖ్య, అదే లోహం, అదే రకం డయల్, గత రెండేళ్లలో నిజంగా అమ్ముడైనవి కనీసం ఐదు తీసుకోండి. అమ్మకానికి పెట్టిన ధరలు పోలికకు పనికిరావు. అవి అమ్మేవారి ఆశలు మాత్రమే. వేలం ఫలితాల్లో కొనుగోలుదారు రుసుము కలిపారో లేదో చూడండి. సుత్తి ధర 100 అనుకుంటే కొన్నవారు 125 దాకా చెల్లించి ఉండవచ్చు, అమ్మినవారికి తమ వైపు రుసుము పోను 90 మాత్రమే అంది ఉండవచ్చు. ఆ ఐదింటిలో అన్నిటికంటే పెద్దదాన్ని పక్కన పెట్టి, మిగిలినవాటితో మీ వాచీ పరిస్థితిని పోల్చి, ఆరో మెట్టు కాగితంలోని లోపాలను బట్టి తగ్గించుకోండి.

బంగారు కేసు అయితే లోహం ధర అడుగు హద్దు. యంత్రం, అద్దం తీసిన తరవాత కేసు 12 గ్రాములుండి 18 క్యారెట్లదైతే అందులో మేలిమి 9 గ్రాములు. ఈ లెక్క తెలుసుకోవడం మోసపోకుండా ఉండడానికే గాని, కరిగించడానికి కాదు. కరిగించిన కేసు తిరిగి రాదు, కేసు లేని యంత్రాన్ని అడిగేవారు తక్కువ.

వెనుక మూత మీద చెక్కిన పేర్లు సాధారణంగా ధరను కొంత తగ్గిస్తాయి. ఆ పేరు లోకానికి తెలిసినదై, ఆ వాచీ ఆ మనిషిదేనని కాగితాలు చెబితే మాత్రం లెక్క తలకిందులవుతుంది. నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ డేటోనా 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో 1.77 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. దాని మూత మీద జాగ్రత్తగా బండి నడపమని భార్య చెక్కించిన మాటలున్నాయి. మన ఇళ్లలోని చెక్కుళ్లకు బయట ధర లేకపోయినా వాటిని అరగదీయించవద్దు. అరగదీస్తే మూత పలచబడుతుంది, ధర పెరగదు.

చివరగా నిపుణుడి చేత రాతపూర్వకంగా విలువ కట్టించండి. విలువ కట్టేవాడే కొంటానంటే అక్కడ ఆగిపోండి. ఆ రెండు పనులు ఒకే చేతిలో ఉండకూడదు. ఇద్దరు ముగ్గురిని అడగండి, మొదటివారు చెప్పిన అంకె రెండోవారికి చెప్పవద్దు. నివేదికలో తయారీ సంస్థ, మోడల్, వరుస సంఖ్య, యంత్రం రకం, మార్చిన భాగాల వివరం, డయల్ అసలుదా రీడయలా అన్న స్పష్టమైన మాట, ఏ ప్రయోజనం కోసం కట్టిన విలువ, తేదీ, సంతకం ఉండాలి. "మంచి స్థితిలో ఉంది" అన్న ఒక్క వాక్యానికి డబ్బు చెల్లించవద్దు. బీమా కోసమైతే రెండు మూడేళ్లకోసారి తిరిగి కట్టించాలి.

ఫలితం సరైనదేనా అని సరిచూసుకోవడం

నిపుణుడి నివేదికను మీ కాగితంతో పోల్చండి. మీరు గుర్తించిన మార్పు ఆయన రాయకపోతే అడగండి; మీకు తెలియనిది ఆయన రాస్తే ఫొటోలో చూపించమనండి. ఇద్దరు నిపుణుల అంకెలు రెట్టింపు తేడాలో ఉంటే సాధారణంగా గొడవ ధర దగ్గర ఉండదు, డయల్ దగ్గర ఉంటుంది: ఒకరు అసలుదన్నారు, మరొకరు కాదన్నారు. అప్పుడు మూడో అభిప్రాయాన్ని డయల్ ఒక్కదాని గురించే అడగండి.

సరిచూశాక తేలేది చాలాసార్లు ఇది: వాచీ అసలుదే, కానీ లక్షల సంఖ్యలో తయారైన మామూలు మోడల్, సర్వీసింగ్ ఖర్చే దాని అమ్మకపు ధరకు దగ్గరగా ఉంది. అలాంటప్పుడు అమ్మడం కోసం సర్వీసింగ్ చేయించవద్దు, ఆ డబ్బు తిరిగి రాదు. పెట్టుకోవడానికైతే తప్పక చేయించండి. ఇచ్చేటప్పుడు చీటీ మీద నాలుగు మాటలు రాయించి సంతకం తీసుకోండి: కేసుకు పాలిష్ వద్దు, డయల్‌ను గాని ముళ్లను గాని కడగవద్దు, నన్ను అడగకుండా ఏ భాగమూ మార్చవద్దు, మార్చిన ప్రతి పాత భాగాన్నీ పొట్లం కట్టి నాకే తిరిగి ఇవ్వాలి. వాచీ తిరిగి వచ్చిన రోజున మొదటి మెట్టులో తీసిన ఫొటోలు పక్కన పెట్టుకుని అక్కడే సరిచూసుకోండి. ఆ పొట్లం మీద తేదీ రాసి వాచీ పెట్టెలోనే ఉంచండి.